కుర్చీ మీద తువ్వాల

ఈరోజు భువనగిరి బస్టాండులో ఎవరో కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపుకున్నారు. నేను ఎప్పటిలాగే నిలబడి వచ్చాను.

చిన్నప్పుడు మోత్కూరు బస్సులో బాపు కూడా అమ్మకోసం అలాగే తువ్వాల వేసేవాడు. మహిళా రిజర్వేషన్‌లో అమ్మ సర్పంచి అయ్యాక పంచాయతీ ఆఫీసు కుర్చీ మీద కూడా ఆ తువ్వాలే కనిపించింది. అందులో కూర్చునేది బాపే. అమ్మ వచ్చేదాకా సీటు ఆపుతున్నాడనుకున్నాను. రిజర్వేషన్ గురించి అప్పటికి నాకు తెలిసింది అంతే.

ఒకరోజు సంతకం కోసం అమ్మను పత్తి చేను నుంచి ఆఫీసుకు పిలిపించారు. నేనూ వెంట వెళ్లాను. బాపు ఇంకా రాలేదు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మా, బాపు నీకే సీటాపిండు. కూసో," అన్నాను.

అక్కడున్న మగవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు. తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అంతలో బాపు వచ్చాడు. "జర లేవే, అందరు చూస్తున్నరు."

"కాళ్లు గుంజుతున్నయి. గా బల్ల మీద నువ్వే కూసో," అని అమ్మ తువ్వాల అతని చేతికిచ్చింది.

మర్నాడు తువ్వాల మళ్లీ కుర్చీ మీదికి వచ్చింది. పదవి ఉన్నన్నాళ్లూ, ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందుగా అమ్మ ఆ తువ్వాల తీయాల్సి వచ్చేది.