ఎడపల్లి ఫోను

మా అత్తమ్మకు ఫోను ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నిజామాబాద్‌లో మా ఇంటి కిటికీ తీసి నిలబడితే చాలు, బోధన్ రోడ్డు మీదుగా ఎడపల్లి దాకా ఆ గొంతు దానంతటదే వెళ్తుంది. ఈ మాట ఎన్నిసార్లు అన్నా ఆమెకు కోపం రాదు. "పొలం కాడ పెరిగిన గొంతు బిడ్డా, డబ్బల వెట్టి మూత వెడితే ఆగుతదా?" అంటుంది.

అయితే ఆమె అరిచేది సరదాకి కాదు. ఎడపల్లిలో ఉన్న వాళ్ళక్కకు చెవులు పోయాయి. కొడుకు చెవి మిషను కొనిపెడితే, "చెవుల జోరీగ దూరినట్టున్నది" అని తీసి గూట్లో పెట్టేసిందట. అందుకని రోజూ సాయంత్రం దీపం పెట్టగానే మా అత్తమ్మ సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, అవతల రింగు పోతుండగానే మొదలుపెట్టేది.

"అక్కా! బర్రె ఈనిందా?"

వాళ్ళక్కకు ఉన్నది ఒక్కగానొక్క బర్రె. తొలిచూలు. రోజులు దాటిపోతున్నా ఈనడం లేదు. అది మేత తిన్నదా, పొదుగు దిగిందా, రాత్రి ఏ పక్కకు పడుకుంది, అన్నీ మా అపార్ట్‌మెంటు నాలుగు అంతస్తులకూ ఏ రోజుకారోజు అందేవి. అవతలి జవాబులకూ లోటు లేదు. చెవిటివాళ్ళు మెల్లగా మాట్లాడటం మీరెక్కడైనా విన్నారా? అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిస్తే పెళ్ళి బ్యాండు కూడా పక్కకు తప్పుకోవాల్సిందే.

మా కింది ఇంట్లో రిటైరైన టీచరు సారు ఉంటారు. చర్చిలో పాటలు నేర్పిస్తారు. ఖంగుమనే గొంతు, దానిమీద కాస్త గర్వం కూడా. సరిగ్గా మా బర్రె వేళకే వాళ్ళింట్లో ప్రార్థన. పాపం, చాలాకాలం ఓర్చుకున్నారు. చివరికి సెల్లారులో అసోసియేషన్ మీటింగు పెట్టిన రోజు లేచి నిలబడి, చేతులు కట్టుకుని చెప్పారు.

"ప్రార్థనల కండ్లు మూసుకుంటే నాకు దేవుడు యాదికొస్తలేడు. బర్రె యాదికొస్తున్నది."

నాకు నవ్వాగలేదు. మా ఆయన నా కాలు తొక్కాడు. ప్రెసిడెంటు మాత్రం గంభీరంగా తలూపాడు. దాంతో అందరికీ అందరి చప్పుళ్ళూ గుర్తొచ్చాయి. పైవాళ్ళు మంచం ఈడుస్తారని ఒకరు, పక్కవాళ్ళ మిక్సీ తెల్లారకముందే లేస్తుందని ఒకరు. వినాయకుడి దగ్గర డీజే పెట్టి మా కిటికీ అద్దాలు గడగడలాడించిన మహానుభావుడైతే నిశ్శబ్దం ఎంత గొప్పదో చెప్పడానికి గొంతు చించుకున్నాడు. ఆఖరుకు ఒక రూలు పుట్టింది. 'ఇంటి చప్పుడు ఇంట్లోనే ఉండాలి.' కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించారు.

నేను గొడవకు సిద్ధమయ్యాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. "పదిమంది సెప్పిన మాట. ఇనాలె" అంది. ఆ సాయంత్రం నుంచి ఫోనులో గుసగుసలు మొదలుపెట్టింది.

ఆ గుసగుస వాళ్ళక్కకు వినబడితేనా! "హలో, హలో, ఎవలు?" అని అటునుంచి అరుపు. ఇటు "నేనే అక్కా" అని చీమ మాట్లాడినట్టు మా అత్తమ్మ. కాసేపటికి అటువైపు ఫోను పెట్టేసింది. మర్నాడు బొంత కప్పుకుని లోపల కూర్చుని అరిచి చూసింది. బొంతలో ఊపిరాడక చెమటలు కక్కుతూ బయటికొచ్చింది. ఆ మర్నాడు బాత్రూములో తలుపేసుకుంది. నా తెలివి మండిపోను, ఆ ఉపాయం చెప్పింది నేనే. బాత్రూముల మధ్య గాలి కోసం పైనుంచి కిందిదాకా వదిలిన సందు ఒకటుందని నాకు గుర్తు రాలేదు. అత్తమ్మ "అక్కా!" అనగానే ఆ సందులో మాట ఎక్కి దిగి మళ్ళీ ఎక్కింది. పై అంతస్తు బాత్రూములోంచి ఎవరో నిదానంగా అడిగారు: "ఇంకా ఈనలేదా?"

అత్తమ్మ సిగ్గుతో నల్లా తిప్పి, నీళ్ళ చప్పుడు చేసి బయటికొచ్చింది.

ఇక లాభం లేదని నేను ఆమెను స్కూటీ ఎక్కించుకుని బోధన్ రోడ్డు పట్టాను. ఇళ్ళన్నీ దాటాక ఒక చెరుకు తోట పక్కన ఆపి, "ఇక్కడ ఏ రూలూ లేదు, కానివ్వండి" అన్నాను. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుని, రింగు పోతుండగానే "అక్కా!" అంది. చెరుకులోంచి కొంగలు లేచాయి. వాటి వెనకాలే కొడవలి పట్టుకుని ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.

"ఎవలు పడ్డరమ్మా బాయిల?"

బావిలో ఎవరూ పడలేదని, ఇది ఫోనని, సంగతి బర్రెదని చెప్పాను. ఆయన కొడవలి భుజానికి తగిలించుకుని, "మరి ఈనిందా?" అన్నాడు.

 అవతల ఎవరూ ఫోను ఎత్తలేదు.

ఆ తర్వాత కూడా ఎత్తలేదు. బోధన్‌లో పనిచేసే వాళ్ళక్క కొడుకే ఓ పూట ఫోను చేశాడు. "చిన్నమ్మా, అమ్మ ఫోను ముట్టుతనే లేదు. అలిగినట్టున్నది. ఏమైందంటే సెప్పది" అన్నాడు. అత్తమ్మ వాడిని బర్రె సంగతి కూడా అడగలేదు. అది అక్క నోట వినాల్సిన మాట అట. ఆదివారం ఎడపల్లికి తీసుకుపోతానని మా ఆయన అన్నాడు. "అలిగిన మనిషి ముంగట ఏం మొకం వెట్టుకుని నిలవడాలె?" అని అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నప్పటి నుంచీ ఒక్క రోజు కూడా మాట్లాడకుండా ఉండని అక్క. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఇంత చిరాగ్గా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఏమీ తోచక గిన్నెలు ఎత్తెత్తి పడేశాను.

ఈలోగా బిల్డింగులో కొత్త రోగం మొదలైంది. లిఫ్టులో, మెట్ల మీద, పాల ప్యాకెట్ల దగ్గర, ఎదురైన ప్రతివాళ్ళూ నన్ను పక్కకు పిలిచి బర్రె గురించి అడిగేవాళ్ళే. డీజే మహానుభావుడు కూడా అడిగాడు. నేను చచ్చినా చెప్పనన్నట్టు మూతి బిగించుకున్నాను. నాకు మాత్రం తెలిస్తేగా!

శనివారం దీపాలవేళ తలుపు చప్పుడైంది. చూస్తే సారు, వెనక వాళ్ళ భార్య.

"అక్కా, గా బర్రె సంగతేంది?" అన్నారు నేరుగా. "మేం దాని కోసం కూడ ప్రార్థన చేస్తున్నం. ఈనిందో లేదో తెల్వకుంట దేవుణ్ణి ఏమని అడగాలె?"

అత్తమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. అక్క ఫోను ఎత్తడం లేదని, తన మీద అలిగిందని చెప్పింది. సారు ముఖం చిన్నబోయింది. "అక్క కొడుకు ఇంట్ల ఉంటే, ఫోను ఆమె చెవి కాడ పెట్టుమను" అన్నారు మా ఆయనతో. అదృష్టం, మా ఆయన స్పీకరు పెట్టి ఫోను కలిపేసరికి వాడు అప్పుడే ఇంటికి చేరాడు. తల్లి వద్దంటున్నా ఫోను ఆమె చెవికి ఆనించాడు. ఆమె గొణుగుడు మాకు వినిపిస్తూనే ఉంది.

అత్తమ్మ ఫోను అందుకుని, సారు వైపు ఓసారి చూసి, మెల్లగా "అక్కా" అంది.

"గట్టిగ, అక్కా!" అన్నారు సారు. "జర గట్టిగ!"

అత్తమ్మ ఇన్నాళ్ళు మింగిన గొంతంతా ఒక్కసారి వదిలింది. "అక్కా! నేనే!"

పై అంతస్తుల తలుపులు తెరుచుకున్నాయి. మెట్ల మీద చెప్పుల చప్పుడు.  అటునుంచి ఏడుపు వినిపించింది.

"చెల్లే! ఇనవడుతున్నదే! నీ గొంతొక్కటే మిగిలుండె నాకు. గదీ ఇనవడకుంటయ్యేసరికి చెవులు మొత్తమే పోయినయనుకున్న. భయమై ఫోను ముట్టలే."

 సారు మా చెప్పుల స్టాండు వైపు చూస్తూ నిలబడ్డారు. నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ప్రెసిడెంటు కూడా ఎప్పుడో దిగొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. అత్తమ్మ ఫోను నోటికి ఆనించుకుని అడిగింది.

"బర్రె?"

"ఈనింది! ఆడ దుడ్డె! అచ్చం నీ లెక్కనే, ఒకటే అరుసుడు!"

ఇక చూడాలి మా మెట్లు! చప్పట్లు, ఈలలు. డీజే మహానుభావుడు రేలింగు మీద తాళం వేశాడు. లిఫ్టు పక్కన కాగితం సంగతి ప్రెసిడెంటుకే గుర్తు లేదు. సారుకు పట్టరాని సంతోషమైంది. అత్తమ్మ చేతిలోంచి ఫోను తీసుకుని, గొంతు సవరించుకుని, చర్చి మొత్తానికి వినిపించే గొంతుతో పలికారు. "అక్కా! నేను కింది ఇంటోణ్ణి! శుభాకాంక్షలు!"

స్పీకరులోంచి జవాబు నాలుగు అంతస్తులకూ వినిపించింది.

"ఎవడే చెల్లే వాడు, గుసగుసలాడుతుండు? జర నోరు తెర్వుమను!"