సముద్రం శెనక్కాయల చేను కాదు

మా సారు పోయారని పోయిన సోమవారం పాకాల స్టేషన్లో తెలిసింది. లెక్కలన్నీ చిల్లులుగా పొడిచిన కంప్యూటరు కార్డుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, జబ్బుతో ఉన్న సారుకు చూపించాలని తిరుపతి బండి కోసం కూర్చున్నాను. అటునుంచి వచ్చిన బండి దిగిన మా డిపార్టుమెంటు అటెండరు నన్ను చూసి, "ఇంగ తొందరేం లేదులేమ్మా. సారు తెల్లారుజామున పోయినాడు" అన్నాడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మొదట ఏడుపు రాలేదు. భయం వేసింది. గురువారం మద్రాసు కంప్యూటరు మీద మా వంతు. నేను చివరగా మార్చిన కార్డులు సారు చూడనేలేదు.

సముద్రం పైన గాలి ఎట్లా సుడులు తిరుగుతుందో, ఆ సుడులు నీటి ఆవిరిని ఎంత ఎత్తుకు మోస్తాయో లెక్కగట్టి చూడటం మా పని. వేరుశెనగ పండించే మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. సారు దగ్గర పరిశోధనలో చేరిన రోజు మా నాయన సారునే అడిగాడు: "చేతికి చిక్కని గాలికి లెక్కేంది సామీ?"

"చిక్కితే తూకమే వేసేద్దుము కదప్పా. చిక్కదనే ఈ తిప్పలు" అని సారు నవ్వారు.

కార్డులు మద్రాసు పోయేముందు ఒక్కొక్కటీ నాచేత చదివించి, కళ్లు మూసుకుని వినేవారు. వేలెత్తితే తప్పు ఉన్నట్టు. ఏ తప్పో చెప్పేవారు కాదు. కానీ నాకు వెతకడం నేర్పింది ఆ వేలే.

ఒకసారి నీటి గరుకుతనం దగ్గర వేలు లేచింది. కింద గాలిని నీళ్లు ఎంత పట్టి ఆపుతాయో చెప్పే అంకె అది. గంటసేపు వెతికినా తప్పు కనబడలేదు.

"సముద్రం చూసినావామ్మా?"

"లేదు సార్."

"అదే మరి! మీ శెనక్కాయల చేను తెచ్చి ఆడ పరిచినావు. చేను కదలదు. సముద్రం గాలికి లేస్తాది, లేచి ఆ గాలికే అడ్డం పడతాది. ఎంత గాలికైనా ఒకే అంకె వేస్తే ఎట్లా?"

ఆ ఆదివారం సారూ, నేను అమ్మా అని పిలిచే ఆయన భార్యా నన్ను బస్సులో సముద్రం దగ్గరికి తీసుకుపోయారు. అలలు చూసి నేను అమ్మ చేయి వదల్లేదు. "గాలికి లెక్క కట్టే పిల్లంట, సూడండి!" అని అమ్మ ఆటపట్టించింది. సారు మాత్రం, "భయపడనీలే. భయం ఉండేవాళ్లే మళ్లా సరిచూసుకుంటారు" అన్నారు.

గురువారం ఒక్కదాన్నే మద్రాసు పోయాను. లెక్క చెడితే ఇంకో వంతు ఉండదని, వేరే పని చూసుకోమని డిపార్టుమెంటులో చెప్పేశారు. అట్లయితే సారు ఇన్నేళ్ల పని నా చేతుల్లో ఆగిపోతుంది. సాయంత్రం జవాబుల కాగితాలు వచ్చాయి. అంకెలు అదుపు తప్పలేదు. కింద గాలి మెల్లగా ఉంది, పైకి పోయేకొద్దీ వేగంగా ఉంది. ఒక్కచోట మాత్రం వెనక్కి తిరిగింది. నిజంగా సుడో, నా తప్పో తెలియలేదు. ఎవరిని అడగను?

బయట మెట్ల మీద కూర్చుని ఆ ఒక్క అంకెను చేత్తో కట్టడం మొదలుపెట్టాను. బీచి వైపు నుంచి గాలి వచ్చి కాగితం అంచు లేపింది. మోకాలితో అదిమిపట్టి, భయం భయంగానే ఒక్కొక్క మెట్టూ మళ్లా సరిచూసుకుంటూ పోయాను.