మూడో సీటు మోడెమ్

మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా, భోజనాలై విస్తళ్లు తీశాక, తాంబూలం నములుతూ మావారు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. "మా శారద ఓ రోజు పొద్దున్నంతా కంప్యూటర్ని తిట్టింది. ఆ తిట్లకి టెలిఫోను తీగ జడుసుకుని చచ్చిపోయింది. చెరువులోకి రావాల్సిన రొయ్యపిల్ల రాకుండా పోయింది." బంధువులు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను, నలుగురిలో గొడవెందుకని. ఇప్పుడు నలుగురూ లేరు, నేనూ కాగితమూ మాత్రమే ఉన్నాం కాబట్టి చెబుతున్నాను: ఆ కథంతా అబద్ధం. నేను తిట్టింది కంప్యూటర్ని కాదు, మనుషుల్ని. తీగ చావలేదు, నిక్షేపంలా ఉంది. రొయ్యపిల్ల రాకపోలేదు, సగం వచ్చింది. అసలు జరిగింది మావారు చెప్పేదానికన్నా ఘోరంగా ఉంటుంది. అందులో సగం ఆయనకి తెలియదు. తెలిస్తే ఇంకా బాగా చెప్పేవారు.

మాది నరసాపురం. చెరువులు మొగల్తూరు దగ్గర. నేను చెప్పేది ఇంటర్నెట్ ఫోను తీగలోంచి కుయ్యోమంటూ దిగే రోజుల సంగతి. ఇంటికి ఒకటే ఫోను, దాని మీద అత్తయ్యగారు కుట్టిన లేసు గుడ్డ. అంతకుముందు పంటలో తెల్లమచ్చ తెగులొచ్చి మా మామయ్యగారి చెరువు చెరువంతా ఊడ్చిపెట్టుకుపోయింది. చచ్చిన రొయ్యని గట్టుమీద కుప్పలు పోయిస్తూ నిలబడ్డ మనిషి, ఆ తర్వాత చాలా రోజులు అన్నంలో చెయ్యి పెట్టి అలా కూర్చుండిపోయేవారు. ఈసారి మాత్రం ల్యాబ్ పరీక్ష చేయించనిదే రొయ్యపిల్లని చెరువులో వదిలేది లేదని తీర్మానించారు. పిల్ల తుని వైపు హేచరీలో ఉంది. శాంపిలు కాకినాడ ల్యాబ్‌కి వెళ్లింది. హేచరీవాళ్లు ఖచ్చితంగా చెప్పేశారు: "రేపు పొద్దున్న పదకొండులోపు కావాలో వద్దో చెప్పండి. మీ వెనకాల ఇంకో పార్టీ కాచుకుని ఉన్నారండి."

ల్యాబ్‌వాళ్లు ఫ్యాక్స్ నంబరడిగారు. ఇక్కడే నేను నోరు తెరిచాను.

"ఫ్యాక్స్ ఎందుకండీ మామయ్యగారూ? మనింట్లో కంప్యూటరుంది. మా తమ్ముడిచ్చిన మోడెముంది. రిపోర్టు మెయిల్లో తెప్పిద్దాం. అచ్చు తీసి మీ చేతిలో పెడతాను."

"దాన్ని బిగించాలి కదే," అన్నారు మావారు. "భీమవరం షాపుకి తీసుకెళ్తాను."

"షాపువాడి దగ్గర ఏముంది? స్క్రూడ్రైవరే కదా? అది మనింట్లోనూ ఉంది. పైగా నా దగ్గర ఫిజిక్స్ డిగ్రీ ఉంది."

ఫిజిక్స్ డిగ్రీకి, మోడెమ్ బిగించడానికి ఉన్న చుట్టరికం ఏమిటని మీరు అడగొచ్చు. ఆయన అడగలేదు. అది ఆయన మంచితనం.

మోడెమ్ అంటే అరచేతంత పచ్చ అట్ట. దాని మీద పిన్నులు, పిన్నులకి మినపగింజంత నల్ల టోపీ. ఆ టోపీ ఏ పిన్నులకి పెడితే మోడెమ్ కంప్యూటర్లో ఆ సీట్లో కూర్చుంటుందన్నమాట. మొత్తం నాలుగు సీట్లు. మొదటి దాంట్లో అప్పటికే మౌస్ ఉంది. రెండోది ఖాళీయో కాదో తెలియలేదు. బస్సెక్కినప్పుడు మనమేం చేస్తాం? ముందు సీట్లో ఎవరో ఉన్నారు, పక్కదాని మీద ఎవరిదో చేతిరుమాలుంది, వెళ్లి మూడోదాంట్లో కూర్చుంటాం. నేనూ టోపీని మూడుకి పెట్టాను. ఇంత తర్కబద్ధమైన నిర్ణయం నా జీవితంలో మళ్లీ తీసుకోలేదు. మొదటి సీటుకీ మూడో సీటుకీ ఒకటే టికెట్ నంబరుంటుందని, ఇద్దరూ ఒకేసారి లేస్తే కండక్టరుకి మతిపోతుందని ఏ బస్సులోనైనా విన్నామా? కంప్యూటరు అనే ఈ బస్సులో మాత్రం అంతే.

పోనీ, ఆ కంప్యూటరు నాకు చెప్పకపోలేదు. సామాన్ల పట్టికలో మోడెమ్ పేరు పక్కన పసుపు రంగులో చిన్న ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టింది. నేను చూశాను. కొత్త వస్తువు కదా, పసుపు బొట్టు పెట్టింది కాబోలు, శుభం అనుకున్నాను. నవ్వకండి. ఎరుపు పెట్టుంటే నేనూ ఆగేదాన్ని. మనకి పసుపంటే భయమేంటి?

మర్నాడు పొద్దున్న అందరూ టిఫిన్లు కానిచ్చి హాల్లో చేరారు. నేను కుర్చీలో కూర్చుని కనెక్ట్ కొట్టాను. మోడెమ్ కుయ్యిమంది, గుర్రుమంది, గొంతు సవరించుకుంది. తెర మూలన, లైను కలిసిందనడానికి గుర్తుగా, రెండు బుల్లి టీవీల బొమ్మలు మిణుకుమిణుకుమన్నాయి.

"వచ్చేసింది!" అన్నాను.

మౌస్ పట్టుకుని మెయిలు బొమ్మ వైపు జరిపాను. బుల్లి టీవీలు మాయం.

"పోయింది," అన్నారు మావారు.

"కనబడుతోంది లెండి."

మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. అప్పుడే మా వీధి లైన్‌మన్ సత్తిబాబు సైకిల్ మీద పోతుంటే కేకేసి పిలిచాను. అతను రిసీవర్ చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, కచేరీ వింటున్నట్టు తలూపాడు.

"ఆయ్, లైను సుబ్బరంగా ఉందండి."

"సుబ్బరంగా ఉంటే ఎందుకు తెగిపోతోంది?"

"నేనుండగా తెగలేదు కదండి."

"అంటే నువ్వు ఇక్కడే కాపురముంటావా?"

"కాఫీ ఇస్తే కాసేపు ఉంటానండి."

కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ కనెక్టయింది. సరిగ్గా అప్పుడే వంటింట్లో గ్రైండరు గర్రుమంది. నాకు చిర్రెత్తి లేచి వెళ్లాను.

"అత్తయ్యగారూ, ఇప్పుడే రుబ్బాలా? ఆ అదురుకి లైను పోతోంది."

"పిండి పులవాలి కదమ్మాయ్."

"ఒక్క పూట పులవకపోతే ఏమవుతుందండీ?" అని స్విచ్చి ఆపేసి హాల్లోకొచ్చి చూద్దును కదా, బుల్లి టీవీలు రెండూ బతికే ఉన్నాయి! "చూశారా? గ్రైండరే!" అని విజయగర్వంతో కూర్చుని, మౌస్ మీద చెయ్యి వేశాను.

పోయింది.

తర్వాతిసారి లైను కలవగానే నా చెవిన పడింది మామయ్యగారి ఉయ్యాలబల్ల గొలుసు చప్పుడు. వెనక్కి తిరిగాను. "మామయ్యగారూ, ఏమీ అనుకోకండి. కంపనాలంటారు వీటిని. గొలుసులోంచి దూలానికి, దూలంలోంచి గోడకి, గోడలోంచి ఫోను తీగకి పాకుతాయి." ఇంత పాఠం చెప్పినంతసేపూ లైను రాయిలా నిలబడింది. ఆయన కాళ్లు నేలకి ఆనించి ఉయ్యాల ఆపారు. నేను తెర వైపు తిరిగి మౌస్ పట్టుకున్నాను. పోయింది.

ఇక మావారి వంతు. గడియారం చూసుకుంటూ గదంతా పచార్లు చేస్తున్నారు.

"మీ అడుగులే! కూర్చోండి."

"శారదా, పది దాటింది. ఈ ఫోను నువ్వు వదిలేలా లేవు. చొక్కా వేసుకుని ఎస్టీడీ బూత్‌కెళ్లి ల్యాబ్‌వాళ్లకి ఫోన్ చేస్తాను."

"ఇంట్లో ఇంటర్నెట్ పెట్టుకుని బూత్‌కెళ్తారా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? కదలకండంటున్నానా!"

కూర్చున్నారు. కూర్చోకుండా వెళ్లుంటే చరిత్ర మరోలా ఉండేది, కానీ మా ఆయన కూర్చోవడంలో దిట్ట.

ఆ పూట మా హాలు మీరు చూడాల్సింది. ఫ్యాను ఆపించాను. మామయ్యగారు ఉయ్యాల మీద ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. చెమట ధారగా కారుతోంది, తుడుచుకుంటే కంపనమని తుడుచుకోవడం లేదు. మావారు నా మొహం వైపు, గడియారం వైపు కళ్లు మాత్రం తిప్పుతున్నారు. అత్తయ్యగారు గుమ్మానికి జారబడి, కాళ్లు చాపుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని చోద్యం చూస్తున్నారు.

"అమ్మా," అన్నారు మామయ్యగారు పెదవులు కదపకుండా, "దగ్గొస్తోంది."

"రిపోర్టు రానివ్వండి మామయ్యగారూ, హాయిగా దగ్గుదురుగాని."

నేను మాత్రం కుర్చీలో అటు తిరిగి ఒకర్ని, ఇటు తిరిగి ఒకర్ని వేలు చూపించి అదిలిస్తున్నాను. నేను అదిలిస్తున్నంతసేపూ లైను బంగారం. వాళ్లు దారికొచ్చారు కదా అని పనిలో పడితే చాలు, పోయేది. ఈ ఇంట్లో ఎవరో దొంగతనంగా కదులుతున్నారని నాకు బలంగా అనిపించింది. గాలి పీల్చడం తగ్గించమని మావారికి చెప్పానంటారు. అది ఆయన కల్పించింది. నేను నెమ్మదిగా పీల్చమన్నానంతే.

మామయ్యగారు మాత్రం అప్పటికి నన్ను చూడటం మానేశారు. గోడ గడియారాన్నే చూస్తున్నారు. అన్నంలో చెయ్యి పెట్టి కూర్చున్న రోజుల్లో ఉండే చూపు అది. అది చూశాకైనా మౌస్ వదిలానా? వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు అత్తయ్యగారు గుమ్మం దగ్గర్నుంచి తాపీగా అన్నారు. "అమ్మాయ్, నువ్వు ఇటు తిరిగి మమ్మల్ని తిట్టినంతసేపూ ఆ బొమ్మలు వెలుగుతూనే ఉంటున్నాయి. అటు తిరిగి దాన్ని పట్టుకున్నావంటే ఆరిపోతున్నాయి."

"దేన్ని అత్తయ్యగారూ?"

"అదే, ఆ తోకున్నదాన్ని."

"మౌస్‌కీ ఫోనుకీ సంబంధం ఏంటండీ? ఆ తీగ వేరు, ఈ తీగ వేరు."

"నాకేం తెలుసమ్మా? నేనేమన్నా చదువుకున్నానా? కనబడింది చెప్పాను."

"ఓసారి చెయ్యి తీసి చూడమ్మా," అన్నారు మామయ్యగారు.

చూపించి నోళ్లు మూయించాలనే అనుకున్నాను. మళ్లీ కనెక్ట్ చేసి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. బుల్లి టీవీలు వెలుగుతున్నాయి. మావారు లేచి నడిచారు. వెలుగుతున్నాయి. మామయ్యగారు దాచుకున్న దగ్గంతా దగ్గేశారు, ఉయ్యాల గొలుసు గలగలలాడింది. వెలుగుతున్నాయి. అత్తయ్యగారు లోపలికెళ్లి గ్రైండరు వేసి వచ్చారు. ఇంకా బాగా వెలుగుతున్నట్టనిపించింది. అప్పుడు నేను చూపుడు వేలితో, పసిపాప బుగ్గ తాకినట్టు, మౌస్‌ని తాకి ఇంచీ కదిపాను.

ఆరిపోయాయి.

నాకు మళ్లీ కనెక్ట్ కొట్టడానికి చెయ్యి రాలేదు. ఆ సందు దొరికిందో లేదో, లేసు గుడ్డ కింద ఫోను గణగణా మోగింది. మామయ్యగారు ఆ వయసులో ఉయ్యాల మీంచి దూకడం నేను చూడటం అదే.

ఎదుటి మనిషి గొంతు మా అందరికీ వినబడింది. "ఏవండోయ్, ల్యాబ్ నుంచండి! మెయిలు పొద్దున్నే పంపేశామండి. అందిందో లేదో కనుక్కుందామని చేస్తుంటే ఎప్పుడు చేసినా ఎంగేజేనండి. అంతసేపు ఎవరితో మాట్లాడుతున్నారండీ బాబూ! పిల్ల శుభ్రంగా ఉంది, మచ్చ లేదు, నిశ్చింతగా చెరువులో వదిలేయండి."

మామయ్యగారు ఆ మాట విని కళ్లు మూసుకున్నారు. వెంటనే తెరిచి తుని కలిపారు. హేచరీవాడూ అదే పాట: "మీ ఫోను ఎంగేజండి. ఇక మీకక్కర్లేదేమో అనుకుని సగం వేరే పార్టీకి ఇచ్చేశాం. సగముంది. పంపమంటారా?"

ఆయన రిసీవర్ చేత్తో మూసి నా వైపు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టుంటే బాగుండేది. "ఏమంటావమ్మా?" అని అడిగారు. రెండు చేతులూ మళ్లీ తొడల కింద పెట్టుకుని, "తెప్పించండి మామయ్యగారూ," అన్నాను. పెళ్లయ్యాక నేను ఆ ఇంట్లో అంత చిన్న గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

ఆ సాయంత్రం వ్యాను వచ్చింది. సగం పిల్లని చెరువులో వదిలారు. చెరువులో పిల్ల పలచగా ఉండటంతో రొయ్య వేలెడు పెరగాల్సింది జానెడు పెరిగింది. ఆ పంట గట్టెక్కింది నా పుణ్యమేనని నా వాదన. మేత వేసే చెయ్యి తనదని మామయ్యగారి వాదన. మావారికి వాదన లేదు, కథ ఉంది. నేను మోడెమ్‌తో వచ్చిన పుస్తకం తీసి, బిగించక ముందు చదవాల్సింది బిగించాక చదివి, ఆ నల్ల టోపీని ఒక పిన్ను పక్కకి జరిపి సీటు మార్చాను. మౌసూ మోడెమూ ఆ తర్వాత ఒకదాని జోలికి ఒకటి పోకుండా బతికినన్నాళ్లూ బతికాయి.

ఇందుమూలంగా యావన్మంది బంధుమిత్రులకూ తెలియజేయునది ఏమనగా: ఇకమీదట మా ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా, మొదట నా చెయ్యి ఎక్కడుందో చూసుకుని, దాన్ని తొడ కింద పెట్టుకుని, ఆ తర్వాతే నోరు తెరుస్తానని నరసాపురం గోదావరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నిన్న మిక్సీ దగ్గర తప్పానని మావారు అంటే నమ్మకండి. అది వేరే సంగతి.

ఇక తేలనిది ఒక్కటే. ఆ రోజు పిల్లని వదిలి వచ్చాక అత్తయ్యగారిని అడిగాను, "మౌస్ వల్లేనని మీరు ఎప్పుడు కనిపెట్టారండీ?" అని.

"అప్పుడేలేమ్మా," అన్నారు.

అప్పుడే అంటే ఎప్పుడు? ఆ రోజు నేను గ్రైండరు ఆపించాక ఆవిడ గుమ్మానికి జారబడి, కాళ్లు చాపుకుని, ఏ పనీ లేకుండా పూటంతా కూర్చున్నారు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆవిడ అలా కూర్చోగా చూడటం అదొక్కసారే. నేను మామయ్యగారికి కంపనాల పాఠం చెబుతుంటే కొంగు నోటికడ్డం పెట్టుకోవడం కూడా చూశాను. ఇన్నేళ్లుగా పండక్కొకసారి అడుగుతూనే ఉన్నాను. అడిగినప్పుడల్లా అదే కొంగు, అదే నోరు.

అత్తయ్యగారూ, ఈసారి అచ్చులో అడుగుతున్నాను, తప్పించుకోలేరు: లైను మొదటిసారి పోయినప్పుడే మీకు తెలిసిపోయింది కదూ?