పి.డి. సారు మళ్లీ పెట్టించిన పరుగు

ఈ ఉదయం మా బడి మైదానంలో తడినేల మీద సున్నం గీతలు వేయిస్తుంటే, ఆ ఘాటు వాసనకు పుల్లయ్య సారు గుర్తొచ్చారు. కొత్తగూడెంలో నేను చదివిన డిగ్రీ కాలేజీకి ఆయన డెబ్బైల్లో ఫిజికల్ డైరెక్టర్‌గా వచ్చేనాటికి మైదానమంటే తుమ్మచెట్లేనట. వాటిని కొట్టించి, బొగ్గు బూడిద పరిపించి, తొంభైల్లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. ప్రిన్సిపాళ్లు వచ్చారు, వెళ్లారు. ఆయన విజిల్ మాత్రం మారలేదు. అది మోగితే మేమే కాదు, గోడ పక్కన మేసే మేకలు కూడా తలెత్తేవి.

ఎనభైల్లో నేను ఆయన దగ్గర నాలుగు వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. మాది గుంటూరు వైపు నుంచి చండ్రుగొండకు వచ్చి మిర్చి వేసుకున్న కుటుంబం. నేను నిక్కరు వేసుకుని ఉరుకుతున్నానని ఎవరో నాన్న చెవిన వేశారు. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక జరిగే రోజునే నాన్న నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చేశాడు. వెళ్లిపోతే ఆటా, బహుశా చదువూ అక్కడితో సరి. సారు వాదించలేదు. నాన్నకు టీ తెప్పించి, మిరప తెగుళ్ల సంగతి అడిగి, మనుషులు తక్కువున్నారంటూ గెలుపు గీత దగ్గర కట్టే ఊలు దారం ఒక కొస చేతికిచ్చారు. మొహమాటానికి నాన్న పట్టుకున్నాడు.

చివరి మలుపులో నేనే ముందున్నాను. భద్రాచలం అడవి పల్లె నుంచి వచ్చిన సమ్మక్క, చెప్పుల్లేని కాళ్లతో, నా భుజం పక్కకు వచ్చేసింది. అది చూసి నాన్నకు ఒళ్లు తెలియలేదు. దారంతో సహా నాకు ఎదురొచ్చేశాడు. గీత ఇంకా ముందుండగానే దారం నా ఛాతీకి తగిలింది. గెలిచాననుకుని ఆగిపోయాను, నన్ను చూసి అందరూ ఆగారు. మైదానమంతా ఒకటే నవ్వు. సారు మాత్రం నవ్వలేదు. అలుపు తీరాక మళ్లీ పరుగెత్తాలన్నారు.

“మా అమ్మాయే కదా మాస్టారూ ముందుంది?” అన్నాడు నాన్న.

“ముందున్నది. గెలవలే.”

రెండోసారి సమ్మక్క గెలిచింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఇక బస్సెక్కడమే అనుకుంటుంటే, నాన్న తల వంచుకుని సారు దగ్గరికి వెళ్లాడు.

“నా మూలంగా దానికి పోయింది. వచ్చే ఏడు మళ్లీ పరుగెత్తించండి మాస్టారూ. నేను దూరంగా కూర్చుంటాను.”

“దూరమెందుకు? గీత కాడనే నిలబడండి. కదలకుంటే చాలు.”

సారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేనూ పిల్లల చేత పరుగెత్తిస్తున్నాను. నేను తయారుచేసిన పిల్ల చివర్లో వెనకబడుతుంటే నా కాళ్లు ముందుకే లాగుతాయి. అయినా ఎదురెళ్లను. గీత దగ్గరే నిలబడి, అది వచ్చేదాకా చూస్తాను.