నేను మూయించిన గొంతు

రష్యాలో ఒక సంగీతకారుడు ఉండేవాడు. వాయిద్యం ఏదీ లేకుండా ఉత్త గొంతులతో పాడే చర్చి పాటలు వందల కొద్దీ కట్టాడు. తరువాత వచ్చిన ప్రభుత్వానికి దేవుడంటే గిట్టలేదు. ఆయన పాడించే చర్చిని కూలగొట్టింది. ఆ దెబ్బకు ఆయన పాటలు కట్టడమే మానేశాడు. మచ్చ బొల్లారంలో మా చర్చి బృందానికి పాట నేర్పేటప్పుడల్లా ఈ కథ చెప్పి కళ్లు తుడుచుకునేవాణ్ణి. మెత్తని మనిషినని నాకు పేరు కూడా వచ్చింది.

ఆ పాటలకు బాగా కింది స్థాయి గొంతు ఒకటి కావాలి. మా వాళ్లవన్నీ కీచు గొంతులు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఒకాయన భజనలో పాడుతుంటే విని, బతిమాలి తెచ్చుకున్నాను.

"మీ దేవుడైతేంది, మా దేవుడైతేంది సార్, పాట పాటనే గద" అంటూ వచ్చాడు.

చదువు రాదు. నేనొక ముక్క పాడితే తిరిగి పాడేవాడు. అర్థం తెలియని ఆ రష్యా మాటలన్నీ మూడు నెలల్లో అలాగే పట్టేశాడు.

క్రిస్మస్ ముందు పెద్ద సభ. మొదటి చరణం నేనొక్కణ్ణే పాడాలి. పాడి ఆపాను. ఆ నిశ్శబ్దంలో ఆయన కళ్లు మూసుకుని నా చరణం మొత్తం తిరిగి పాడేశాడు. జనం గొల్లున నవ్వారు.

"మీరు అందిస్తె అందుకోకుంటె ఎట్ల సార్? భజనల గట్ల ఇడిసిపెడితె దేవునికి తప్పయితది" అన్నాడు సభ అయ్యాక.

పరువు పోయిన మంటలో ఉన్నాను. అందరి ముందే అన్నాను: "చేపల్ని రోజూ చూస్తావు కదా. నోరు తెరుస్తాయి, చప్పుడు చెయ్యవు. ఇక నుంచి నువ్వూ అంతే."

బృందమంతా నవ్వింది. నిజం చెప్పాలంటే ఆ నవ్వు నాకు హాయిగా ఉంది.

రెండు ఆదివారాలు వచ్చి వెనక వరసలో నిలబడి, ఉత్త నోరు తెరిచి మూశాడు. మూడో వారం రాలేదు. ఆయన లేకపోతే పాట తేలిపోయింది. అప్పుడు గుర్తొచ్చాడు, ప్రేమతో కాదు, అవసరం కొద్దీ.

శామీర్‌పేటలో రోడ్డు పక్కన ఆయన భార్య చేపలు అమ్ముతోంది. ఆయన్ని మళ్లీ పాటకు పిలుద్దామని వచ్చానన్నాను.

"ఏం పాడుతడు సార్? భజనకు పోతాండు, నడుమ కూసుంటాండు, నోరు తెరుస్తాండు, చప్పుడు లేదు. ఏందయ్యా అంటె, సార్ గిట్లనే చెయ్యమన్నడు అంటడు. మొన్న మా అత్త సచ్చిపోయింది. తల్లి పాడె ముందట భజన చెప్పాలె గద, గాడ గూడ గట్లనే నోరు తెరుసుకుంట నడిసిండు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. మాట రాలేదు.

ఆమె నా వంక చూసి, తక్కెడలో ఒక చేప వేసింది.

"కోసియ్యాల్నా సార్, గిట్లనే ఇయ్యాల్నా?"

కోసి ఇమ్మన్నట్టు తల ఊపాను.