ఆముదం తాగిన మోటార్లు

మా ఇంట్లో ఒట్టు పెట్టుకోకూడదు. ఒట్టు మహాపాపమని మా చర్చి పాదిరిగారు చెప్పారని, చిన్నప్పుడు ఎవరైనా నోరు జారితే మా అమ్మ గరిటె కాల్చేది. అయినా ఈ ఒక్కసారికి పెడుతున్నాను. కింద రాసిన ప్రతి ముక్కా నిజం. మా అక్క ఆముదం జాడీ మీద ఒట్టు. ఆ జాడీయే ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. నన్నెరిగినవాళ్ళు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి.

పోలీసు యాక్షన్‌కి ముందు వానాకాలం అది. నెల్లాళ్ళు ఉండి పోదామని గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదులో అక్కాబావల ఇంటికి వచ్చినవాణ్ణి, అక్కడే పాతుకుపోయాను. ఇల్లు చిలకలగూడలో. రెజిమెంటల్ బజార్లో ఒక వకీలు దగ్గర టైపు కొట్టేవాణ్ణి. సాయంత్రం ఇరానీ హోటల్లో ఒక చాయ్‌కి రెండు అబద్ధాలు చొప్పున చెప్పి ఇల్లు చేరేవాణ్ణి. ఆ ఊరు వదిలి వెళ్ళాలని నాకు ఏ కోశానా లేదు.

మా బావ కంటోన్మెంటులో గుమాస్తా. తెల్లదొరలు సామాన్లు అమ్ముకుని స్వదేశం పోతున్న రోజుల్లో అందరూ కుర్చీలూ గ్రామఫోన్లూ కొనుక్కుంటే, ఈయన ఒక దొర దగ్గర పడవ కొన్నాడు. హుస్సేన్ సాగర్ ఒడ్డున కట్టేసి ఉండేది. పాతది. లోపల చిన్న గది, ఇద్దరు పడుకునే బల్లలు, వెనక చెక్కకు బిగించిన రెండు పెట్రోలు మోటార్లు. మోటారు నెత్తిమీది చక్రానికి తాడు చుట్టి ఒక్క లాగు లాగితే చెరువంతా దద్దరిల్లేది. ఆ చప్పుడుకి బావ మనసు పారేసుకున్నాడు. ఆదివారాలు కుటుంబాలను ఎక్కించి తిప్పితే చాలు, గుమాస్తాగిరీ ఎందుకని ఉద్యోగం కూడా వదిలేశాడు.

వదిలేసిన కొద్దిరోజులకే ఇండియా వైపు నుంచి సరుకులు రావడం ఆగిపోయింది. పెట్రోలు సీసాల్లో అమ్మేవారు, అదీ తెలిసినవాళ్ళకే. దాంట్లో కలపాల్సిన మోటారు నూనె అసలే లేదు. బావకి నిద్ర పట్టడం మానేసింది. ఒకరోజు ఉన్నట్టుండి నా భుజం మీద చరిచాడు.

“బామ్మర్దీ, విమానాలల్ల ఏం పోస్తరో ఎరుకేనా? ఆముదం! గాలిల ఎగిరేదానికి పనికొచ్చింది, నీళ్ళల్ల తేలేదానికి పనికిరాదా?”

ఎక్కడ దొరుకుతుందని నేను అడగలేదు. అక్క వంటింట్లో ఓ జాడీ నిండా వంటాముదం ఉంది. గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి తను సొంతంగా తీసినది. కిరసనాయిలు దొరక్క ఆ రోజుల్లో ఇంట్లో దీపాలకీ అదే. అక్క పెరట్లో ఉన్నప్పుడు నేను కాపలా, బావ గరిటె. ఇలా జాడీలో మట్టం దిగుతూ వచ్చింది.

మోటార్లు నడిచాయి! ఆ పొగ చూడాలి మీరు. కట్ట మీద పోయే జట్కా గుర్రాలు తుమ్మేవి. పడవెక్కిన ఒక తాసిల్దారు గారికి ఆ వాసనకే విరేచనాలు పట్టుకుని, ఒడ్డు చేరేలోపలే దిగుతానన్నారు. రెండు ఆదివారాలు అలా గడిచాయి. మూడో ఆదివారం తాడు లాగితే చక్రం కదలలేదు. బావ లాగాడు, నేను లాగాను, ఇద్దరం కలిసి లాగి వెల్లకిలా పడ్డాం. రెండు మోటార్లూ బిగుసుకుపోయాయి.

ఊడదీసి, రిక్షాలో వేసి, రెజిమెంటల్ బజార్ మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన బావకి చిన్ననాటి దోస్తు. లారీ నుంచి కుట్టుమిషను దాకా దేన్నైనా ఒక్క చూపులో చెప్పేస్తానని గొప్పలు పోయే మనిషి. ఆముదం సంగతి మాత్రం మేం చెప్పలేదు. చెబితే బజారంతా నవ్వుతుందని బావ భయం. మేస్త్రీ మూత తీసి, వేలు పెట్టి, నుదురు కొట్టుకున్నాడు.

“ఖతం సాబ్. లోపల పాకం పట్టినట్టుంది. రెండూ కొత్తయి బొంబాయి నుంచి తెప్పియ్యాలె.”

“జోడీకి ఎంతైతది?”

“మీరు పడవ ఎంతకు కొన్నరు? దానికి మూడింతలు.”

“హాలీలనా, కల్దార్లనా?” నిజాం రూపాయి హాలీ, ఇండియా రూపాయి కల్దారు. బరువైనది కల్దారే. మా ఊళ్ళో ఏ బేరానికైనా ఈ ప్రశ్న తప్పదు.

“బొంబాయోడు మన హాలీ మొఖం చూస్తడా సాబ్?”

“పోనీ, ఒక్కటే మారిస్తే?”

“ముసలెద్దును, కోడెను ఒక్క కాడికి కడ్తరా? పడవ గానుగ లెక్క గుండ్రంగ తిరుగుతది.” మేస్త్రీకి హుషారెక్కింది. “ఇంకోటి సాబ్. కొత్త మోటార్లు బరువుంటయ్. మీ పడవ ఎన్క చెక్క పుచ్చింది. అది సుత మార్చాలె. చెక్క మారిస్తే పక్క పలకలు పట్టవు. అవి మార్చాలె.”

“అంటే మోటార్ల కోసం పడవనే మార్చమంటవ్?”

“గట్లెందుకంట సాబ్? పేరు పాతదే ఉంచుకోరి.”

ఇంటికొచ్చి బావ ఈ లెక్క అక్కకి చెప్పాడు. ఊళ్ళో పరిస్థితి బాగా లేదు. లారీలు నినాదాలు చేసుకుంటూ పోయేవి. పక్కింటివాళ్ళు తాళం వేసి బెజవాడ వెళ్ళిపోయారు. రైళ్ళు ఎప్పుడుంటాయో ఎప్పుడుండవో తెలీదు.

“ఏవండీ, ఒక్క మాట చెబుతా వినండి,” అంది అక్క. “ఆ మోటార్లు తిరిగితే ఇక్కడే ఉందాం. తిరక్కపోతే పడవ ఎవరికైనా ఇచ్చేసి మా అమ్మ దగ్గరికి పోదాం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోజూ ఇలా కూర్చోవడం నా వల్ల కాదు.”

“పోతే నేనక్కడ ఏం చేస్తనే? మీ అమ్మ మజ్జిగ చిలకాల్నా?”

అక్క లేచింది. ట్రంకుపెట్టె సర్దింది. పరుపులు చుట్టింది. స్నానాలకి నీళ్ళు కాచే పెద్ద ఇత్తడి గుండిగను గోనెసంచిలో పెట్టి, మూతి పురికొసతో కుట్టేసింది. ఆ రోజు నుంచి మాకు చిన్న తపేలాడు వేడినీళ్ళే.

అంతలో ఇండియా మిలిటరీ బయలుదేరిందన్నారు. ఇక ఊరంతా తలుపులు బిడాయించుకుని, ఇదుగో వచ్చింది అదుగో వచ్చింది అని చెవులు రిక్కించి కూర్చుంది. మా బావ కూర్చోలేదు. వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి. వసారాలో పడి ఉన్న మోటార్ల దగ్గర ఆగి, తాడు ఒకసారి లాగి, మళ్ళీ నడక. పైన విమానం మోత వినిపిస్తే మేమందరం మంచాల కింద దూరేవాళ్ళం, ఈయన మాత్రం మెడ ఎత్తి, “ఎంత నున్నగ తిరుగుతుంది చూడు బామ్మర్దీ, దాని మోటారు!” అనేవాడు. నేనేం తక్కువ? టైపు మిషను లేక నా వేళ్ళు మోకాళ్ళ మీదే వకీలు నోటీసులు కొట్టేవి.

ఒక సాయంత్రం రేడియోలో నిజాం లొంగుబాటు వార్త వచ్చింది. వీధిలో జనం బయటికొచ్చారు. బావ కూడా వెళ్ళాడు, మోటార్ల ఖర్చుకి ఇంట్లోని హార్మనీ పెట్టెని ఎవరైనా కొంటారేమో కనుక్కుందామని. చర్చిలో పాటలకి వాయించే పెట్టె అది. ఒక్కడూ కొనలేదు. తిరిగొచ్చి, “పోదాం తీయ్, మజ్జిగనే చిలుకుత,” అన్నాడు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా అంతకుముందు నేను వినలేదు.

మర్నాడు పొద్దున అక్క పెరట్లో ప్రమిదలు తోముతోంది. ఆముదం దీపం కదా, అడుగున బంక కట్టి గోకినా ఊడదు.

“ఒరేయ్, ఇలా రా. మోటార్ల లోపల పాకం పట్టినట్టుందన్నాడే మేస్త్రీ, ఎలా ఉంటుందది?”

నేను చూపులు పక్కకి తిప్పాను.

“ఇలాగేనా?” అని ప్రమిద నా ముక్కు కింద పెట్టింది. “జాడీ అంత తొందరగా ఎలా ఖాళీ అయిందా అనుకుంటున్నా. దొంగసచ్చినోళ్ళారా, ఇద్దరూ కలిసి నా ఆముదం మోటార్లకి పోశారా?”

బావ తలుపు వెనక నుంచి అన్నీ విన్నాడు. బయటికి రాలేదు.

అక్క లేచి లోపలికెళ్ళింది. వాత పెట్టడానికి గరిటె తెస్తుందనుకున్నాను. కత్తిపీట దగ్గర కూర్చుని, గోనెసంచి మూతికి కుట్టిన పురికొసను ఒక్కొక్క కుట్టే తెంపింది. గుండిగ బయటికి తీసింది. నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టి, కొట్టిన కుంకుడుకాయలు దోసిళ్ళతో వేసింది. “మేస్త్రీని పిలుచుకురా, విప్పదీయడం మీకు చేతకాదు,” అంది.

మిలిటరీ వచ్చాక ముసల్మానులకి గడ్డురోజులవి; మేస్త్రీ దుకాణం తెరవడం లేదు, ఇల్లు కదలడానికి భయపడుతున్నాడు. నేను పక్కన నడిచి తీసుకొచ్చాను. మోటార్లు విప్పి ముక్కలన్నీ ఆ నురగలో ముంచుతుంటే, ఆయన చాలారోజులకి నవ్వాడు.

“అమ్మా, నా జిందగీల మోటారుకు తలంటు పోసుడు చూడలే! సాంబ్రాణి సుత వేస్తరా?”

“నువ్వు మాట్లాడకు అన్నా. వేలు పెట్టి చూసి ఆముదమని వాసన పట్టలేకపోయావు. చాయ్ తాగి గీకు.”

చింతపుల్లలతో గీకాం, కడిగాం, మళ్ళీ ముంచాం. ఎండబెట్టి బిగించి, నాలుగోనాడు చెరువుకి తీసుకెళ్ళాం. నీళ్ళంటే వణికే అక్క కూడా వచ్చి పడవలో కూర్చుంది, రెండు చేతులతో బల్ల పట్టుకుని. బావ తాడు లాగాడు. ఒకటి అందుకుంది. రెండోది దగ్గి, ఉమ్మి, అదీ అందుకుంది. లోపల మిగిలిన ఆముదమంతా పొగై లేచి కట్టను కప్పేసింది. ఆ సాయంత్రానికల్లా నేరేడ్‌మెట్ దాకా జనం, హుస్సేన్ సాగర్‌లోకి ఇండియా యుద్ధనౌక వచ్చిందనీ, దానికి రెండు ఫిరంగులున్నాయనీ చెప్పుకున్నారు.

కొత్త మోటార్లు మా బావ ఎప్పుడూ కొనలేదు. మేం గుంటూరూ పోలేదు.

ఇక ఒప్పుకోలు. యుద్ధనౌక వదంతి అబద్ధమనుకుంటున్నారు కదూ? కాదు, నిజంగానే ఊరంతా పాకింది, ఇరానీ హోటల్లో దాన్ని పుట్టించింది నేనే. ఫిరంగులు మాత్రం జనం చేర్చారు. తాసిల్దారు విరేచనాలూ నిజమే. నేను కల్పించింది ఒక్కటే: అక్క పెట్టిన షరతు. మోటార్లు తిరిగితే ఉందామని తను ఎన్నడూ అనలేదు. వెళ్ళిపోదామని మాత్రమే అంది. సామాను సర్దింది. తర్వాత ఆ పొద్దున ఎవరూ అడక్కుండానే కూర్చుని పురికొస తెంపింది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. అడుగుదామనుకున్న ప్రతిసారీ అక్క ఆ గుండిగలో నీళ్ళు కాగాయని, స్నానానికి లెమ్మని కేకేసేది.