కొండకు అవతలి మండలాలు

సన్నీవేల్‌లో మా ఆఫీసు వెనక వీధిలో మధ్యాహ్నంపూట ఒక ఫుడ్ ట్రక్ ఆగుతుంది. పచ్చి అరటికాయ ముక్కలు నూనెలో వేగే వాసన వచ్చిందంటే మిగతా తెలుగువాళ్లకు ఇంటి వేపుడు గుర్తొస్తుందట. నాకు మాత్రం మారిసోల్ గుర్తొస్తారు. మ్యాపులు తయారుచేసే మా టీమ్‌కు అప్పట్లో ఆవిడ మేనేజర్. అరటికాయ వేపుడు రోజూ తినే పనామా దేశపు పడమటి కొండల్లో పుట్టారు. పొట్టి మనిషి. మాట మాత్రం కరాఖండి.

నేను చేరిన కొత్తలో ఆవిడ పుట్టిన జిల్లా మ్యాపునే నాకు అప్పగించారు. వరదలొస్తే మందులూ తిండీ ఏ దారిన పంపాలో సహాయ సంస్థలు ఆ మ్యాపు చూసే నిర్ణయిస్తాయి. తెర మీద రెండు ఊళ్లను చూసి, "దగ్గరే కదా," అన్నాను. ఆవిడ పిడికిలి బిగించి బల్ల మీద పెట్టారు. "ఈ కణుపులు మా కొండలనుకో. ఇటు పడ్డ వాన పసిఫిక్‌లోకి పోతుంది, అటు పడ్డది కరీబియన్‌లోకి. ఇటువాళ్లు అటు చేరాలంటే కాలినడకన తెల్లారి బయల్దేరితే పొద్దుగూకుతుంది. గద్దకైతే దగ్గరే!" అన్నారు. ప్రావిన్సు కింద జిల్లా, జిల్లా కింద కొరెహిమియెంతోలు ఉంటాయని వివరించారు. "మా మండలాల్లాంటివన్నమాట," అన్నాను. మా మండలాన్ని వేరే జిల్లాలో కలిపినప్పుడు మా నాన్న తహసీల్దారు ఆఫీసు ముందు ధర్నాకు కూర్చున్న సంగతి చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, ఆ రోజు నుంచి తనూ "మండల్" అనడం మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు డైరెక్టర్ దగ్గర్నుంచి ఒక మాట వచ్చింది. మా మ్యాపులో కొండ అవతలి చిన్న మండలాలను ఇవతల పట్టణమున్న మండలంలో కలిపేయాలట. మీటింగ్‌కు వెళ్లే ముందు పక్క సీటు కిరణ్ నన్ను ఆపాడు. "అక్కా, నువ్వు హెచ్-1బీ మీదున్నవ్. ఆమె సిటిజన్. ఆమె ఫైట్ ఆమెను చేస్కోనియ్. నువ్వు సైలెంట్‌గ కూసో."

"అక్కడ జనం తక్కువ. కలిపేస్తే యూజర్లకు సింపుల్‌గా ఉంటుంది," అన్నాడు డైరెక్టర్.

"ఆ మండలాలు విడిగా కావాలని మా అమ్మ రాజధాని దాకా ఊరేగింపులో నడిచింది. మీరొక్క క్లిక్కుతో చెరిపేస్తారా? నేను అప్రూవ్ చేయను," అన్నారు మారిసోల్.

"అయితే ఇంకొకరు చేస్తారు." అతను నా వైపు చూశాడు.

కిరణ్ మాట, నా వీసా గుర్తొచ్చాయి. "నేనూ చేయను. కలిపితే సరుకంతా పట్టణంలో దిగుతుంది. అక్కణ్నుంచి కొండ దాటే రోడ్డే లేదు. అవతలికి సముద్రం వైపు నుంచి పడవల్లోనే పంపాలి," అన్నాను.

ఆ జిల్లా మ్యాపు తెలిసిన ఇద్దరమూ కాదనడంతో మండలాల సరిహద్దు గీతలు నిలిచాయి. ఆ వానాకాలం వరద వచ్చినప్పుడు సరుకు పడవల్లోనే అవతలి ఊళ్లకు చేరింది. కానీ అప్పటికే మారిసోల్‌ను టీమ్ నుంచి తప్పించారు. ఆ తర్వాత ఉద్యోగమే తీసేశారు. ఆఖరి రోజు పార్కింగ్‌లో నేను ఏడుస్తుంటే ఆవిడ కోప్పడ్డారు. "ఉద్యోగం నాది, పోతే ఇంకోటి వెతుక్కుంటాను. ఆ గీతలు నావి కావు, వదులుకోవడానికి!"

కొన్నేళ్లకు ఆవిడ పదవి నాకొచ్చింది; ఇప్పుడు మ్యాపుల మీద ఆఖరి మాట నాది. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, భయమూ పోలేదు. భయపడుతూనే కాదనడం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను. ఏ దేశపు కొండప్రాంతాన్ని కలిపేయమన్నా నేను అడిగేది ఒకటే: "అక్కడివాళ్లను అడిగారా?" అడగలేదంటే ఆ గీతను నేను ముట్టను. ఎవరినీ ముట్టనివ్వను.